మిషన్ కాడి మర్యాద

మా అన్న ఓడల పనిచేస్తడు. సరుకులు మోసే ఓడ గాదు, సెలవులకని జనం ఎక్కే పెద్ద ఓడ. అండ్ల ఈత కొట్టే కొలనుంటది, పాటల కచేరీకి హాలుంటది, అంతస్తుకొక బట్టలుతికే గది గూడ ఉంటదట. పాసింజర్లు ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కునే గది. ఆ గదులు ఊడ్చి తుడుసుడు, అండ్ల లేచే పంచాయితీలు సల్లార్చుడు మా అన్న పని.

"చెల్లే, తిండి కాడ లైన్ల నిలబడి ఒకలకొకలు నవ్వుకుంట పలకరించుకుంటరే. గదే మనుషులు బట్టల గదిల అడుగుపెట్టిన్రంటె సవతుల లెక్క చూసుకుంటరు" అని ఫోన్ల చెప్తుండె.

ఆ గదికి కొన్ని మర్యాదలున్నయట. మిషన్ల బట్టలేసి ఈతకు పోవద్దు. ఒక్కలే అన్ని మిషన్లు పట్టుకోవద్దు. మిషన్ ఆగినంక జరసేపు చూసి, మనిషి రాకపోతె ఆ బట్టలు తీసి పక్కన పెట్టొచ్చు, గాని ఇస్త్రీ బల్ల మీద తడి బట్టలు కుప్ప పొయ్యొద్దు. అన్నిటికంటె పెద్ద లొల్లి ఈ తీసుడు కాడనే. ఒకామె లోపలి బట్టలు ఇంకొకాయన తీసి పెట్టిండని, ఇద్దరు కెప్టెన్ దాక పోతమన్నరట. పైంగ, బాల్కనీల తువ్వాల ఆరేస్తె ఓడోళ్లు ఊకోరట. సుట్టూ సముద్రమంత ఎండ పెట్టుకొని బట్టలు కరెంటు డబ్బాల ఎండవెట్టుకునే బతుకు వాళ్లది.

నేను పడి పడి నవ్వుతుంటి. ఎందుకంటె శంషాబాద్‌ల మా డాబా మీద గూడ అచ్చం గదే లొల్లి.

అప్పుడు నేను ఎయిర్‌పోర్టుల బ్యాగులు తూకమేసే కౌంటర్ల పనిచేస్తుంటి. మా ఊరు కందుకూరు అవతల. షిఫ్టులతోని రోజూ వచ్చిపోవుడు కుదరక శంషాబాద్‌ల ఒక మూడంతస్తుల ఇంట్ల కిరాయికున్న. ఇంటి ఓనరమ్మను అందరం పెద్దమ్మ అంటుంటిమి. ఒకప్పుడు జొన్నచేన్ల కలుపు తీసిన మనిషి. ఆ చేన్లనే బిల్డింగు లేపి, అండ్ల ఉండే మమ్మల్ని గూడ అట్లనే తిరిగి తిరిగి చూసుకుంటుండె. ఎవరు తిన్నరు, ఎవరు పస్తున్నరు, ఎవరికి దగ్గు పట్టింది, అన్నీ ఆమెకే కావాలె.

డాబా మీద రేకుల కింద ఒకటే మిషన్. ఇంట్ల ఉన్నోళ్లందరికి అదే దిక్కు. నా పక్క రూముల గుంటూరు దిక్కు పిల్ల ఉంటుండె, కార్గోల పనిచేస్తది, మాట మాటకు 'అండీ' అంటది. కింద రూముల క్యాబ్ నడిపే అన్న. మాయన్నీ వేళాపాళా లేని నౌకర్లు, ఒకలు పండుకునే యాళ్లకు ఇంకొకలు లేస్తరు. మిషన్ ఎప్పుడు ఆగుతదో, అండ్ల ఎవరి బట్టలు మిగిలిపోతయో దేవునికే ఎరుక.

నాది నోరు జర పెద్దదే, అండ్ల దాసుకునేదేం లేదు. ఎవరన్న బట్టలు మిషన్లనే మరిచి పండుకున్నరంటె తలుపు కొట్టి మరీ లేపుతుంటి. గాని నా అసలు పరేషాన్ పెద్దమ్మతోని. తడి బట్ట మిషన్ల ఉన్నదంటె ఆమెకు పానం ఆగదు. "ముక్కవాసన కొడతది బిడ్డా" అనుకుంట అందరియి తీసి, దులిపి, దండెం మీద ఆరేసి, ఎండినంక మడత పెట్టి ఎవరియి వాళ్ల తలుపు కాడికి తెస్తుండె. ఒకనాడు మెట్ల మీద, క్యాబ్ అన్న ఎదురుంగనే, నా లోపలి బట్టలు నీటుగ మడత పెట్టి నా చేతిల పెట్టింది. అది సాలదన్నట్టు, "రబ్బరు సాగింది బిడ్డా, కొత్తయి కొనుక్కో" అన్నది. నాకు తల కొట్టేసినట్లయింది. క్యాబ్ అన్న పాపం గోడ దిక్కు చూసుకుంట దిగిపోయిండు.

ఆ రోజే తెల్ల కాగితం మీద రాసి మిషన్ మీద అతికిచ్చిన. అన్న చెప్పిన ఓడ మర్యాదలే, మన ఇంటికి తగ్గట్టు మార్చి. సర్ఫు తక్కువ వెయ్యాలె. మిషన్ ఆగినంక అర్ధగంట దాక ఎవ్వరు ముట్టుకోవద్దు. ఆ తర్వాత తియ్యొచ్చు, గాని బకెట్ల వేసి పక్కన పెట్టాలె, గంతే. పెద్దమ్మ అద్దాలు పెట్టుకొని మొత్తం చదివింది.

"ఓడల గిట్లనే చేస్తరా బిడ్డా?" అని అడిగింది.

"గిట్లనే చేస్తరు పెద్దమ్మా."

"అయితె సరే" అన్నది. ఆ తర్వాత నిజంగనే ముట్టుకోలే. మిషన్ ఆగితె పక్కకు స్టూలేసుకొని, ఆ బట్టలకెల్లి చూసుకుంట కూసుంటుండె, పొదిగే కోడి లెక్క. అర్ధగంట కాంగనే లేచి బకెట్ల వేస్తుండె. నాకైతె పానం నిమ్మళమైంది.

గట్ల ఉండంగ నాకు పెండ్లి కుదిరింది. పిలగానిది జల్‌పల్లి. మా లెక్కనే చర్చికి పోయే ఇల్లు. మా దాంట్ల పెండ్లి చీర పిలగాని తరపోళ్లే తేవాలె, అదీ తెల్లదే తేవాలె. కాబోయే అత్తమ్మ ఎన్నో దుకాణాలు తిరిగి తెచ్చింది. మెత్తటి తెల్ల చీర, అంచుకు సన్నటి వెండి జరీ. నా చేతుల పెట్టుకుంట ఒకటే మాట అన్నది.

"చర్చిల అందరి కండ్లు దీని మీదనే ఉంటయ్ బిడ్డా. మచ్చ పడకుండ చూసుకో."

ఆమె మాట నెమ్మదే గాని మనిషి గట్టిది. బొట్టు, పసుపు, చేతికి దారాలు, అన్నీ ఎప్పుడో విడిచిపెట్టిన ఇల్లు అది. ఆ విషయంల వాళ్లు జర గూడ సందియ్యరని మా అమ్మ ముందే నా చెవుల వేసింది. నేను పోయి బతికేది ఆ ఇంట్లనే. మొదటి రోజే ఆమెతోని మాట పడొద్దని నాకు ఒకటే భయం.

పెండ్లి శనివారం. దానికి ముందు ఆదివారం చీరకు ఫాల్ కుట్టిపిచ్చుకొని ఆటోల వస్తుంటె వాన పట్టుకున్నది. పక్కపొంటి లారీ పోయి గుంతల నీళ్లు చిమ్మితె చీర సంచిలకే వచ్చినయ్. తీసి చూస్తె అంచు పొడుగూత మట్టి. ఉరికి డాబా ఎక్కి, చీరను జాలి సంచిల పెట్టి, అది ఒక్కటే మిషన్ల వేసి, మెల్లగ తిరిగేది పెట్టిన. కిందికొచ్చి జర నడుము వాల్చిన. తెల్లారకముందే డ్యూటీ ఎక్కి దిగిన ఒళ్లు, వాల్చుడే ఆలస్యం నిద్ర పట్టింది.

లేచి పైకి పోయేసరికి పెద్దమ్మ నల్లా కాడ కూసోని ఉన్నది. ఒళ్లె నా చీర. చెంగు మూల చేతిల పట్టుకొని నీళ్లు పోస్తున్నది. ఆమె ముఖం చూసి, చుట్టాలల్ల ఎవరో పోయిన్రనుకున్న. దగ్గరికి పోతె తెల్ల చెంగు మీద ఎర్రటి మరక, రూపాయి బిళ్లంత. అచ్చం నెత్తురు లెక్క.

ఏమైందో ఆమె నోటికెళ్లి ముక్కలు ముక్కలుగ వచ్చింది. మిషన్ల చీర చూసింది. కొత్త చీర, ఫాల్ కుట్టు గూడ కొత్తదే, మూలకు పసుపు లేదు. కొత్త బట్టకు పసుపు పెట్టకుండ ఒంటి మీద వేసుకునుడు వాళ్ల ఇంట్ల లేదు. తల్లి కాడ లేని పిల్ల, ఎరుక లేక నీళ్లల్ల వేసిందనుకున్నది. పెండ్లి చీరకు గట్ల కావొద్దని కిందికి పోయి పసుపు తెచ్చి, చెంగు మూలకింత, లోపలి కొసకింత పెట్టింది. మా మిషన్ల ఆఖరు నీళ్లు సరిగ పోవు, బట్టల సర్ఫు ఉంటనే ఉంటది. పసుపు మీద సర్ఫు తగిలితె ఎర్రగైతదని చిన్న పిల్లకు గూడ ఎరుకే. ఉతికిన చీరల సర్ఫు మిగిలి ఉంటదని మాత్రం ఆమెకు తోచలే. ఎరుపు చూసి బెదిరి నీళ్లు పోసింది, అది ఇంకింత పాకింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పెద్దమ్మా, గా కాగితం ఎందుకు పెట్టిన నేను? పక్కోళ్ల బట్టలు ముట్టుకోవద్దనే గద. నీకు ఎన్నిసార్లు చెప్పాలె?" అని ఒర్రిన. ఇల్లంత ఇనబడ్డది.

ఆమె తల ఎత్తలే. "అర్ధగంట ఆగిన బిడ్డా" అన్నది. "గడియారం చూసుకుంటనే కూసున్న. నువ్వు రాలే."

నేను రాసిన మర్యాద ఆమె తప్పలే. బకెట్ల వెయ్యాలె అని రాసిన గాని, పసుపు పెట్టొద్దు అని రాయాలని నాకేంది, ఓడల కెప్టెన్‌కు గూడ తోచి ఉండదు.

నా ఒర్రుడు ఇని గుంటూరు పిల్ల పైకొచ్చింది. చీర చూసింది, మా ఇద్దరి ముఖాలు చూసింది. "అక్కా, సబ్బు మాత్రం పెట్టకండి. పెద్దమ్మగారూ, నిమ్మకాయ ఉందా?" అన్నది. నిమ్మరసం పిండంగనే ఎరుపు దిగి మామూలు పసుపు రంగుకొచ్చింది. నాకు జర ఊపిరాడింది. "ఇక ఎండేనండి. పసుపు మరక ఎండకు తప్ప దేనికీ లొంగదు" అన్నది.

అది నిజమే. పసుపుకు ఎండ పడదు, మంచి ఎండ తగిలితె దానంతటదే ఎగిరిపోతది. గాని ఎండ ఏడున్నది? ముసురు పట్టి ఊరంత తడిసి ముద్దయి ఉన్నది. డాబా మీద నిలబడితె మబ్బుల కెళ్లి విమానాల కడుపులు ఒక్కసారిగ బయటపడుతున్నయ్ తప్ప, సూర్యుడు మాత్రం జాడ లేడు.

అన్నకు ఫోన్ చేసిన. "ఓడలైతె ఏం చేస్తరే, మరక పోకపోతె పారేసి కొత్తది పరుస్తం" అన్నడు. "నా సుట్టూ ఉన్న ఎండ మూట గట్టి పంపేదుంటె పంపుదు చెల్లే" అని నవ్విండు. నాకు నవ్వు రాలే.

అమ్మకు చేసిన. జరిగింది మొత్తం చెప్పిన. మా ఇంట్ల కొత్త బట్ట తెస్తె బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తది అమ్మ. కట్టుకునే మనిషి సల్లగుండాలెనని. నా పెండ్లి చీరకు గూడ శుక్రవారం వచ్చి అట్లనే చేస్తనని చెప్పింది. "నేను రాకముందే ఆమె చేసిందా ఆ పని" అన్నది అమ్మ. కోపంగ అనలే. "మా అవ్వ బతికున్నప్పుడు మాకు గూడ పసుపే పెడుతుండె. మీ అత్తమ్మకు ఇప్పుడే చెప్పకు. ఎండ రానియ్యి, చూద్దం."

ఫోన్ పెట్టేసినంక అమ్మ మాటనే మనసుల తిరిగింది. చెయ్యి పెట్టినా పసుపు పెట్టినా, అడిగేది ఒకటే గద. పెద్దమ్మ మీద కోపం ఇంకా ఉన్నది, గాని ముందటంత లేదు.

మర్నాడు పొద్దున జర తెల్లగ మబ్బు విచ్చింది. చీర తీస్కపోయి దండెం మీదేసిన. పెద్దమ్మ స్టూలు మీద కూసోని ఉన్నది, చీరకు ఎంత దూరం ఉండాల్నో అంత దూరం జరుపుకొని. చేతులు రెండు ఒళ్లె పెట్టుకున్నది. గాలికి చెంగు ఎగిరి ఆమె మోకాలికి తగిలితె కాలు వెనక్కి గుంజుకున్నది. ఎవరి బట్ట తడిగ ఉన్నా ఆగలేని మనిషి.

నాకా డ్యూటీ టైమయింది. పెండ్లి కోసం దాచుకున్న సెలవులు అప్పుడే తీసేటట్టు లేదు. "పెద్దమ్మా, నేను పోతున్న. ఎండ ఏ దిక్కు జరిగితె చీర ఆ దిక్కు జరుపు. చినుకు పడితె లోపల పెట్టు. నువ్వే చూడాలె" అన్న.

"ముట్టుకోవచ్చునా బిడ్డా?" అని అడిగింది.

"ముట్టుకో పెద్దమ్మా" అన్న. గంతకంటె ఎక్కువ మాట్లాడితె ఆడనే ఏడుస్తుంటి.

ఇగ చూడున్రి, ఆ వారమంత ఇల్లు ఇల్లే చీర కాపలా. పెద్దమ్మ డాబా దిగలే. కూరగాయలు పైనే కోసింది, బియ్యం పైనే ఏరింది. గుంటూరు పిల్ల డ్యూటీ నుంచి వచ్చి అన్నం గూడ తినకుండ పైకి పోతుండె. క్యాబ్ అన్నది ఇంకో తమాషా. రోడ్డు మీద తిరిగే మనిషి గద, వాన ఏడున్నదో ఆయనకే ముందు ఎరుక. "పెద్దమ్మా, పాల్మాకుల కాడ దంచుతున్నది, మన దిక్కే వస్తున్నది, చీర తియ్యున్రి" అని ఫోన్ చేస్తుండె. పాసింజర్లు ఏమనుకున్నరో మరి. నేనేమో కౌంటర్ల నిలబడి బ్యాగు తూకం చూసుకుంట, అద్దాలల్లకెళ్లి బయట ఎండ వచ్చిందా లేదా అని తొంగి చూస్తుంటి. ఒకాయన "ఏంది మేడమ్, మా విమానం లేటా?" అని గాబరా పడ్డడు. "మీ విమానం మంచిగనే ఉన్నది సార్, నా చీరనే లేటు" అన్న. ఆయనకు ఏం అర్థమయిందో గాని నవ్విండు.

మబ్బు, జర ఎండ, మళ్ల చినుకు. మరక రోజురోజుకు ఎలిసింది గాని పోలే. గురువారం నాడు చెంగు మీద ఇంకా జాడ ఉన్నది. ఆ రాత్రి నాకు అన్నం సహించలే. అత్తమ్మ ముఖమే కండ్ల ముందట.

శుక్రవారం దేవుడు సల్లగ చూసిండు. పొద్దున్నే మబ్బు మొత్తం విడిచి, వానకాలంల అప్పుడప్పుడు కొట్టే సురుక్కుమనే ఎండ కొట్టింది. నేను సెలవు మీదున్న. పెద్దమ్మ, నేను చెరొక కొస పట్టుకొని ఎండ ఎటు జరిగితె అటు జరిగినం. మధ్యాహ్నానికి చెంగు తెల్లగయింది. దగ్గర పెట్టుకొని చూసినా, వెలుతురుకు పట్టి చూసినా ఏం లేదు. పెద్దమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకొని కూలబడ్డది. లోపలి కొసకున్నది మాత్రం కందిగింజంత మిగిలింది, లేత పసుపు.

"అదీ పోతది బిడ్డా. ఇంకో గంట గట్టి ఎండుంటది" అన్నది.

నేను ఆ మచ్చనే చూసుకుంట నిలబడ్డ. తల్లి కాడ లేని పిల్ల అనుకొని పెట్టింది. వాన మబ్బు కింద వారమంత కూసోని తియ్యడానికి కష్టపడ్డది గూడ ఆమెనే. ఎండ బాగనే ఉన్నది. ఇంకో గంట ఉంచితె ఏం మిగలదు. చీర దండెం మీదికెళ్లి గుంజిన.

"అయ్యో, ఇంక ఉన్నది బిడ్డా" అన్నది పెద్దమ్మ.

"ఉండనియ్యి పెద్దమ్మా. అది లోపలికి పోయే కొసనే గద."

ఆమె నన్ను చూసింది. చీర నా చేతులకెళ్లి తీసుకొని, మోకాళ్ల మీద పరుచుకొని మడతలు పెట్టుడు మొదలుపెట్టింది. ఆమె మడత పెడితె ఇస్త్రీ అక్కరలేదు, ఆ మాట నేను ఒప్పుకోవాలె. సాయంత్రం మా అమ్మ వచ్చి ఆ మడత మీదనే చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పెద్దమ్మ గూడ పక్కన నిలబడి కండ్లు మూసుకున్నది. ఆమె ఎవర్ని మొక్కుకున్నదో నేను అడగలే.

శనివారం, చర్చి పక్క రూముల చీర కట్టిచ్చేది అత్తమ్మనే. నాకు ఆ ముచ్చట తోచనే లేదు. ఎవరో పార్లర్ పిల్ల వస్తదనుకున్న. అత్తమ్మ చీర మడత ఇప్పింది, లోపలి కొస చేతిల పట్టుకున్నది, ఆగిపోయింది. బొటనవేలుతోని రుద్దింది. మళ్ల రుద్దింది.

"పసుపా బిడ్డా?"

అబద్ధం నోటిదాక వచ్చింది. "అవునత్తమ్మా. నేను కిరాయికున్న ఇంటి పెద్దమ్మ పెట్టింది. కొత్త చీరని."

"ఇంకో ఎండ చూపెడితె పోతుండె గద."

"పోతుండె అత్తమ్మా. నేనే తీసిన."

రూము తలుపు ఓరగ తెరిచే ఉన్నది. అండ్లకెళ్లి చర్చి లోపల వరుసలు కనబడుతున్నయ్. రెండో వరుసల పెద్దమ్మ కూసున్నది. ఆకుపచ్చ పట్టు చీర, ఇంత పెద్ద బొట్టు. పక్కోళ్లకు ఏడ తగులుతనో అన్నట్టు చేతులు ఒళ్లె పెట్టుకొని ముడుచుకొని ఉన్నది. నేను అటు చూసుడు అత్తమ్మ చూసింది. ఆమె గూడ అటే చూసింది.

"గామెనా?"

"గామెనే."

అత్తమ్మ ఆ కొసను నాలుగు వేళ్లతోని మలిచి నా నడుముల గట్టిగ దోపింది. దోపి, పైన పిన్నీసు గూడ పెట్టింది.

"ఈ కొస జారితె చీరంత జారుతది బిడ్డా" అన్నది, కుచ్చిళ్లు పట్టుకుంట.